పనసచెక్క పీట

ఆడికృత్తిక పండగకి ముందురోజు ఇంట్లోని ఇత్తడి సామానంతా పెరట్లోకి చేరింది. దీపపు కుందెలు, చెంబులు, పళ్ళేలు, నీళ్ళ బిందెలు. చంద్రావతి నానిన చింతపండుతో తోముతుంటే, పక్కన కూర్చుని ఇంద్రాణి కడుగుతోంది. ఇంద్రాణి ఈ ఇంటికి వచ్చి రెండు నెలలైంది. బావ తణికాచలానికి రెండో భార్య. వయసు ఇరవై. వరసకి ఆమే పెద్దకోడలు, చంద్రావతే ఆమెని అక్కా అని పిలవాలి. కానీ ఆ పిలుపు మళ్ళీ ఇంకొకరి కోసం నోట రాలేదు. ఇంద్రాణే అర్థం చేసుకుందో ఏమో, మొదటి వారంలోనే తాను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

వసారాలోంచి అత్తగారు వరదమ్మ కేకేసింది. “ఆ వంటింటి స్విచ్చి మూత కూడా తోమండే! రేపు ఆరణి మామా వాళ్ళు వస్తారు. మసి పట్టి చూసేదానికి అసింగంగా ఉండాది.”

ఇంద్రాణి చింతపండు ముద్ద చేత్తో పట్టుకుని లేచింది.

“నువ్వు కూర్చో!” అంది చంద్రావతి. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

“ఎందుకక్కా, చిటికెలో అయిపోతాది కదా?”

జవాబు ఉంది. ఏడాదిగా ఉంది. బడిలో నాలుగో తరగతి పిల్లలు ఎందుకు టీచర్ అని అడిగితే కారణం చెప్పకుండా ఎప్పుడూ వదలదు. ఇక్కడ మాత్రం, “చేతులు తడిగా ఉండాయి కదా, నేను చూసుకుంటాలే” అని తలొంచుకుని కుందె తోముతూ ఉండిపోయింది. రేపు ఈ పిల్ల బావి దగ్గర స్నానం చేసి, తడిచీర పిండకుండా, ఆ వంటింట్లోకి వెళ్ళి పొంగలి వండాలి. ఆడికృత్తిక నాడు పెద్దకోడలి విరతం అది.

ఇంటికి కరెంటు వచ్చింది చంద్రావతి పెళ్ళయిన మరుసటి ఏడు, అంటే యాభై మూడులో. తిరువళ్ళూరు నుంచి వైరింగు మనిషి వచ్చి నాలుగు రోజులు గోడల నిండా చెక్క పట్టీలు కొట్టాడు. తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న ఆమె భర్త జయరామ మద్రాసుకి వెళ్ళి స్విచ్చులు కొనుక్కొచ్చాడు. నల్లవి వద్దని, గుండ్రటి ఇత్తడి మూతలున్నవి ఏరి తెచ్చాడు. “బంగారం మాదిరి మెరస్తా ఉంటాయి చూడు” అని వాటిని కాగితంలోంచి విప్పి అమ్మకి చూపించాడు. వీధిలో ఎవరింట్లోనూ అటువంటివి లేవు. అత్తగారు వాటిని దేవుడి సామాన్లతో పాటు లెక్కలో వేసుకుంది. పండగొచ్చినప్పుడల్లా చింతపండు పెట్టి తోమించేది. తోమిన చింతపండు నీళ్ళు మూత అంచు కింద నుంచి ఎక్కడికి పోతున్నాయో ఎవరూ ఆలోచించలేదు. తోమింది తనే. తనూ ఆలోచించలేదు.

ఆ వంటింటికి కిటికీ లేదు. పొద్దున పది గంటలకైనా దీపం కావాలి. కింద కడప బండలు. రోజుకి మూడుసార్లు నీళ్ళు కొట్టి కడగాల్సిందే కాబట్టి అవి ఆరేదెప్పుడూ లేదు. అత్తగారికి ఇంకో నియమం ఉండేది. మనుషులు లేని గదిలో దీపం వెలగకూడదు. బావికి పోతే ఆర్పాలి, వస్తే వెయ్యాలి. వంటింట్లోకి నాలుగు బిందెల నీళ్ళు చేరేసరికి ఎనిమిదిసార్లు ఆ స్విచ్చి ముట్టుకోవాలి.

మొదటిసారి కొట్టింది ఒక కృత్తిక రోజునే. ప్రతినెలా ఆ రోజు కోడళ్ళిద్దరూ ఒక్కపొద్దుండి, తడిచీరలతో కొండ మీది సామికి పొంగలి వండేవాళ్ళు. చంద్రావతి బిందె దించి స్విచ్చి మీద చెయ్యి వేసింది. సూదుల కట్టతో మోచేతిదాకా ఒక్కసారిగా గుచ్చినట్టయింది. అరవలేదు. అరవడానికి కూడా వ్యవధి లేదు. ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన కాఫీ లోటా కింద పెట్టి వంటింటి దాకా వచ్చాడు. మగవాళ్ళు ఆ తడిలోకి దిగరు. గడప మీదే నిలబడి, చెయ్యి లోపలికి చాపి, టిక్కు టిక్కుమని నాలుగుసార్లు వేసి ఆర్పాడు.

“నాకు కొట్టదే!” అన్నాడు.

“నిజంగా కొట్టింది.”

“కరెంటుకి ఆడా మగా తెలుస్తాదా? పిల్లోళ్ళకి సైన్సు చెప్తావు, నీకు భయమా?”

అత్తగారు విని, దానికి తన అర్థం తాను చెప్పింది. “విరతం నేమంగా ఉండేవాళ్ళని అదేం చేస్తాది? నన్నెప్పుడైనా కొట్టిందా?” ఆమె వంటింట్లో అడుగు పెట్టడం మానేసి ఎనిమిదేళ్ళయిందని ఎవరూ అనలేదు. అలా ఆ ఇంట్లో ఒక న్యాయం ఏర్పడిపోయింది. కృత్తిక రోజు కరెంటు కొట్టిందంటే ఆ కోడలి విరతంలో ఏదో లోపం ఉందని. తెలిసో తెలియకో ఏదైనా తినేసిందని, మైల కలిపిందని, మనసులో ఏదో పెట్టుకుందని. ఆ తర్వాత చంద్రావతి కొట్టించుకుంది, చెప్పడం మానేసింది. రాత్రి పడుకుని, తను ఆ రోజు ఏం తప్పు చేసిందో వెతుక్కునేది. ట్రైనింగు చదివిన మనిషి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

ఆమెకి తెలియనిదల్లా, పక్కనే ఉన్న అప్పటి పెద్దకోడలు కృష్ణమ్మ కూడా అలాగే వెతుక్కుంటోందని.

కృష్ణమ్మ పుట్టిల్లు వెంగల్. నాగలి, నాట్లు తెలిసిన ఇంటి పిల్ల. బడికి పోలేదు. పొడుగు మనిషి, నవ్వితే భుజాలు కదిలేవి. ఒక కృత్తిక పొద్దున స్విచ్చి వేసి, చేతిలోని గరిటె జారవిడిచింది. 

“ఏమైందక్కా?”

“ఏం లేదు మే, చెయ్యి తిమ్మిరి.”

చంద్రావతి గరిటె తీసి ఇస్తూ నెమ్మదిగా అడిగింది. “మోచేతిదాకానా, భుజందాకానా?”

కృష్ణమ్మ తలెత్తి చూసింది. “నీకూనా?”

ఇద్దరూ తడిచీరలతో ఆ బండల మీదే కూర్చుండిపోయారు. ముందు ఏడుపు వస్తుందేమో అనిపించింది. వచ్చింది నవ్వు. నోట్లో కొంగు కుక్కుకుని నవ్వారు. “నేను రెండేండ్లుగా పొర్లుదండాలు మొక్కుకుంటా ఉండాను మే ఈ పాపానికి!” అంది కృష్ణమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “ఏందే ఆ నవ్వు? సామి వంట వండతా ఉండారా, చింతపిక్కలు ఆడతా ఉండారా?” అని వసారాలోంచి కేక వచ్చాక గాని ఆగలేదు. చంద్రావతికి ఆ ఇంటి గురించి ఏం గుర్తు చేసుకోవాలన్నా మొదట ఆ నవ్వే వస్తుంది.

ఆ స్విచ్చికి పేరు పెట్టింది కృష్ణమ్మే. అల్లుడుగారు. “మెరస్తాడు, ముట్టుకుంటే కొడతాడు, పండగొస్తే ఒళ్ళు తోమాల” అని కారణం చెప్పింది. అప్పటినుంచి అత్తగారి ఎదుటే మాట్లాడుకునేవాళ్ళు. “అల్లుడుగారు లేచినాడా అక్కా?” “లేచినాడు, ఈ పొద్దు కోపంగా ఉండాడు.” ఒకసారి వరదమ్మ అనుమానంగా అడిగింది. “ఎవురి అల్లుడే?” “మా వెంగల్లో పక్కింటోళ్ళ అల్లుడు అత్తా, మంచోడు కాదు” అంది కృష్ణమ్మ కనురెప్ప వేయకుండా. “ఈ కాలంలో ఎవురు మంచోళ్ళు!” అని వరదమ్మ నిట్టూర్చింది.

జయరామ తర్వాత ఇస్త్రీ పెట్టె కొన్నాడు. అదీ అప్పుడప్పుడు చురుక్కుమనేది. చొక్కాలు ఆయనవి, చురుకు ఆమెది. “అరచేత్తో పట్టుకోవద్దు. ముందు చెయ్యి వెనకతట్టు తాకించి చూడు. అరచెయ్యయితే పట్టుకునేసి వదల్దు” అని నేర్పింది కృష్ణమ్మ. వాళ్ళ అన్న మడి బావికి మోటారు పెట్టినప్పుడు ఎవరో చెప్తుంటే వినిందట. విన్నది మరిచిపోదు. చూసింది అంతకంటే మరిచిపోదు.

గడప సంగతి కనిపెట్టింది కూడా ఆమే. ఒకనాడు జయరామ మళ్ళీ గడప మీద నిలబడి, “ఇదిగో, నాకు కొట్టదే!” అని చూపించి పోయాడు. కృష్ణమ్మ ఆయన వీపునే చూస్తూ ఉండిపోయింది. “మే చంద్రా, చూసినావా? ఆయన చెక్క మీద నిలబడతాడు. మనం నీళ్ళలో నిలబడతాం. ఆయన్ని కొట్టకుండా కాపాడేది గడప.” నాలుగో తరగతి సైన్సు పుస్తకంలో ఆ పాఠం ఉంది. తడి చేతులతో విద్యుత్ పరికరాలను తాకరాదు, కర్రగుండా విద్యుత్తు ప్రవహించదు. అయిదారు తడవలు పిల్లల చేత చదివించింది. పుస్తకం తెలియని అక్క ఒక మనిషి పాదాలు చూసి తెలుసుకుంది.

పసుపు రాసి బొట్లు పెట్టిన గడప ఆడవాళ్ళు తొక్కకూడదు. అందుకని కృష్ణమ్మ పీట తెచ్చింది. పనసచెక్క పీట, వెంగల్లో వాళ్ళ నాయన కోయించి ఇచ్చింది. ఒక మూల కొంచెం విరిగి ఉండేది. భోజనాల గదిలో ఉన్న పన్నెండు పీటల్లో కలవకుండా దాన్ని స్విచ్చి కింద వేసింది. అత్తగారు అడిగితే, “కూరగాయలు తరుక్కునేదానికి అత్తా” అంది. ఆ రోజు నుంచి ఇద్దరినీ అల్లుడుగారు ముట్టలేదు. మూడేళ్ళు. ఇద్దరి పాదాల రాపిడికి పీట మధ్య నునుపెక్కింది. అంత చిన్న పీట మీద ఒక మనిషే పడుతుంది. ఒకసారి దీపం పోయి భయమేసి ఇద్దరూ ఒకేసారి ఎక్కారు. ఒకరి నడుము ఒకరు పట్టుకుని, పడిపోకుండా నవ్వుకుంటూ. అక్క తడి జుట్టులో కుంకుడుకాయ వాసన.

పోయిన ఏడు ఆడికృత్తికకి చుట్టాలు ఎక్కువమంది వచ్చారు. మగవాళ్ళు తెల్లవారుజామునే కొండెక్కి, కావళ్ళు చెల్లించి, పదింటికి దిగి వచ్చి ఆకుల ముందు కూర్చున్నారు. విరతపు పొంగలి ముందు వడ్డిస్తే గాని మిగతా భోజనం మొదలవదు. కృష్ణమ్మ ఆఖరి బిందెకి బావి దగ్గరికి వెళ్ళింది. నియమం ప్రకారం దీపం ఆర్పి వెళ్ళింది. ఆరణి నుంచి వచ్చిన ఆదికేశవులు మామ పదమూడో మనిషి.

“పీట ఒకటి తక్కువైంది. వంటింట్లో ఒకటి ఉండాది కదా, బిన్నా తే” అంది వరదమ్మ.

చంద్రావతి ఆ చీకటి వంటింట్లోకి వచ్చి, వంగి పీట పట్టుకుని, కాసేపు అలాగే ఉంది. ఎంతసేపు? పది లెక్కపెట్టేంత ఉండొచ్చు. ఇది తీయడానికి లేదు అత్తా, అనొచ్చు. ఎందుకే, అని అడుగుతుంది. కరెంటు కొడుతుంది, అనాలి. పండగ రోజు, విరతం రోజు, పదముగ్గురు మగవాళ్ళ ఎదుట. అప్పుడు ఆ లోపం ఎవరిదని మొదలవుతుంది. “ఏమే, పీట చేయిస్తా ఉండావా?” అని జయరామ నవ్వులాటగా కేకేశాడు. చుట్టాలు నవ్వారు. ఆమె పీట తీసుకుని వెళ్ళి మామకి వేసింది.

బిందె పడిన చప్పుడు అందరూ విన్నారు. ఇత్తడి బిందె బండల మీద దొర్లి, గోడకి కొట్టుకుని ఆగింది.

కృష్ణమ్మ గుండె ఆగిపోయిందన్నారు. ఉపవాసం, ఎండ, అలసట అన్నారు. పదకొండో రోజు వరదమ్మ ఎవరితోనో అంటుంటే వినబడింది. “విరతంలో ఏం లోపం చేసిందో, పావం.” ఆ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు చంద్రావతి వసారాలో ఫ్యూజు తీసేసి, వంటింటి స్విచ్చి ఇత్తడి మూత విప్పి చూసింది. లోపల పచ్చగా చిలుం పట్టి, ఎండిన చింతపండు పీచు తీగెలని అంటుకుని ఉంది. మళ్ళీ మూత బిగించింది. భర్తతో చెప్పింది. “ఇప్పుడు అదంతా తవ్వితే అన్న తట్టుకుంటాడా? సుమ్మా ఉండు” అన్నాడాయన. ఆమె ఊరుకుంది. అన్నిటికంటే బరువైనది ఆ తీగెలు కాదు, ఆ పీట. పీట ఎవరు తీశారో ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం ఆమెకి చేతకాలేదు. ఏడాదంతా వంటింట్లో లాంతరు పెట్టుకుంది. కరెంటు దీపం వెలుగుకి కళ్ళు మండుతున్నాయని సాకు చెప్పింది. పండగనాడు చుట్టాల ఎదుట మాత్రం కరెంటు దీపమే వెలగాలి, అది అత్తగారి మాట. ఏప్రిల్లో సరిహద్దు మార్చి ఊరిని మద్రాసు రాష్ట్రంలో కలిపారు. బడి మీద పేరు అరవంలో మార్చి రాశారు. వేసంగిలో బావకి పెళ్ళి చేశారు. ఎన్నో మారాయి. స్విచ్చి మారలేదు.

ఇత్తడి సామానంతా తోమిన ఆ సాయంత్రం ఆమె భోజనాల గదిలో పీటల దొంతి విప్పి, మూల విరిగినదాన్ని వెతికి తీసింది. స్విచ్చి కింద వేసి ఇంద్రాణిని పిలిచింది.

“రేపు దీపం వేసినా ఆర్పినా దీని మీద నిలబడే.”

“ఎందుకక్కా?”

“నిలబడు, అంతే.”

పండగ రోజు అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. మగవాళ్ళు కొండ దిగి వచ్చారు. చంద్రావతి ఆకులు వేసి నీళ్ళు చిలకరిస్తోంది. ఆదికేశవులు మామ గుమ్మంలో చెప్పులు విడిచి, “ఏమ్మా టీచరమ్మా, ఇంక అరవంలో పాఠాలు చెప్పాల్సిందేనా?” అని పలకరించి, కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు.

“పీట ఒకటి తక్కువైంది. ఇంద్రాణీ, ఆ వంటింట్లో ఉండేది తేమ్మా!” అంది వరదమ్మ.

చంద్రావతి తిరిగి చూసేసరికి ఇంద్రాణి పీట పట్టుకుని వస్తోంది. తడిచీర అంచుల నుంచి నీళ్ళు కారి, ఆమె నడిచిన దారి అంతా బొట్లు బొట్లుగా ఉంది. ఆ పిల్ల ముఖంలో ఏమీ లేదు. పెద్దవాళ్ళు అడిగారు, తెచ్చింది. పోయిన ఏడు తన ముఖం కూడా బయటికి ఇలాగే ఉండి ఉంటుంది.

చంద్రావతి చెంబు కింద పెట్టింది. ఎదురు వెళ్ళి పీట అందుకుని, రొమ్ముకి ఆనించుకుని నిలబడింది.

“ఈ పీట రాదు అత్తా.”

“ఏందే?”

“పోయినేడు ఇదే పీట నేను ఎత్తుకొచ్చి మామకి వేసినాను. అక్క తడికాళ్ళతో బండ మీద నిలబడి స్విచ్చి ముట్టుకునింది. అక్క గుండె ఆగింది కరెంటు కొట్టి. విరతంలో లోపం లేదు. లోపం ఆ ఇత్తడి మూత కింద ఉండాది. పీట తీసింది నేను.”

పిల్లలకి వినబడేలా మాట్లాడడం ఆమెకి అలవాటే. గొంతు పెంచలేదు. ఆఖరి ఆకు దాకా వినబడింది. తణికాచలం ఆకు మీది నుంచి చెయ్యి తీశాడు.

వరదమ్మ చిన్నకొడుకు వైపు చూసింది. జయరామ లేచాడు. “పండగ పూట ఏం మాటలే ఇవి? ఎన్ని తడవలు చూపించినాను నీకు?” అంటూ వంటింటి దాకా నడిచి, గడప మీద నిలబడి, చెయ్యి లోపలికి చాపి స్విచ్చి వేశాడు. “ఇదిగో, అందరూ చూడండి. నాకు కొట్టదే!”

చంద్రావతి పీట పక్కన పెట్టి, నీళ్ళ చెంబు తీసుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

“మీరు గడప మీద ఉండారు. కిందికి దిగండి. నేను మీ కాళ్ళ మీద నీళ్ళు పోస్తాను. అప్పుడు వెయ్యండి.”

జయరామ ఆమె చేతిలోని చెంబుని చూశాడు. కింద నల్లగా తడిసి ఉన్న బండల్ని చూశాడు. వెనక పదిమంది చూస్తున్నారని తెలుసు.

ఆయన గడప దిగలేదు.

తణికాచలం ఆకు ముందు నుంచి లేచి, వసారాలోకి వెళ్ళి, ఫ్యూజు పీకి తెచ్చాడు. దాన్ని చంద్రావతి చేతిలో పెట్టి, ఆ పనసచెక్క పీట విరిగిన మూలని ఒకసారి వేలితో తడిమి, కింద ఉత్త నేల మీద కూర్చున్నాడు. ఆదికేశవులు మామ కూడా తన అంగవస్త్రం పరుచుకుని నేల మీదే కూర్చున్నాడు. ఆకుల్లో వడ్డన ఆలస్యంగా జరిగింది.

లాంతరు వెలుగులో దించిన పొంగలి అందరికీ వడ్డించడం అయ్యాక, ఇంద్రాణి పొడిచీర కట్టుకుని వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. చంద్రావతి పీట తెచ్చి ఆమె పక్కన వేసుకుంది.

“అక్కా,” అంది ఇంద్రాణి, “ఆ అక్క ఎట్లా ఉండేది?”

ఏడాదిలో ఆ ఇంట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి.

చంద్రావతి కొంగున ముడివేసుకున్న ఫ్యూజుని ఒకసారి తడిమి చూసుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేకపోయింది.

“ముందు, ఆ స్విచ్చికి ఆమె పెట్టిన పేరు చెప్తాను” అంది.